తీర్పు మేస్త్రి, ఏడు పంపులు

లారీల అడ్డా దాటగానే రోడ్డుకు ఎడమపక్క రేకుల షెడ్లు వరసగా ఎనిమిది ఉంటాయి. టైర్ల షెడ్డు, బ్యాటరీల షెడ్డు, రేడియేటర్లకు అతుకులేసే షెడ్డు, ఇలా. ఆరోది డీజిల్ ఇంజన్లది. ఆ షెడ్డు మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనపడదు. వీధి వీధంతా ఆయన్ని తీర్పు మేస్త్రి అంటుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. చచ్చిన ఇంజను ఏది షెడ్డుకొచ్చినా ఆయన దాన్ని విప్పి, ఎందుకు చచ్చిందో తేల్చందే వదలడు. బాగుచేయడం వేరు, తేల్చడం వేరు అంటాడు. పాడైన ముక్కను శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, తీగతో దానికో అట్టముక్క కట్టి, వెనక గోడకున్న ఇనప అలమరలో పెడతాడు. అట్టముక్క మీద మూడే సంగతులు రాస్తాడు: బండి ఎంత తిరిగింది, ఏ రోజు ఆగింది, తప్పెవరిది. మూడోదానికి రెండే జవాబులు. ‘మనిషి’, లేదంటే ‘మెషీను’. డ్రైవరూ ఓనరూ జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వస్తే, ఇద్దర్నీ ఆ అలమర ముందు నిలబెట్టి ఆయన ఒక్క మాట అనేవాడు. దాంతో గొడవ సద్దుమణిగేది. ముప్ఫై ఏళ్లలో ఆ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. ఇది ఆయనకు మహా గర్వం. పైకి మాత్రం, “నాదేముంది, ఇనుమే చెబుతుంది, నేను చదువుతాను, అంతే” అనేవాడు. అలా వినయంగా అనడంలో ఉండే గర్వం సంగతి మీకు తెలియంది కాదు.

ఆయన పనిలోకి వచ్చిన రోజుల్లో పికప్ బండి ఇంజనంటే మొండిఘటం. పొగ కక్కేది, వీధి దద్దరిల్లేలా అరిచేది, చలి పొద్దుల్లో స్టార్టవడానికి నానా యాగీ చేసేది. కానీ ఒకసారి అందుకుందంటే ఆరు లక్షల కిలోమీటర్లు కిమ్మనకుండా లాగేది. తర్వాత రెండోరకం వచ్చింది. టర్బో పెట్టారు, బలం పెంచారు. బలం పెంచిన మహానుభావులు ఇంజనుకు మూతలాంటి హెడ్డును బిగించే బోల్టులు మాత్రం పాతవే ఉంచారు. బరువుతో ఎత్తు ఎక్కితే చాలు, ఆ బోల్టులు సాగేవి, హెడ్డు కింద గాస్కెట్ పోయేది, రేడియేటర్లో నీళ్లు బుడబుడమని పొంగేవి. రెండేళ్లకు బోల్టులు లావయ్యాయి. ఎందుకు లావయ్యాయో కంపెనీ ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి పాత బోల్టూ కొత్త బోల్టూ పట్టుకుని టీకొట్టు దగ్గరికి వెళ్లి, “చూశారా, నోటితో ఒప్పుకోలేదు గానీ బోల్టుతో ఒప్పుకున్నారు” అని పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఆయిల్‌ను చల్లబరిచే కూలరు పూడుకుపోయే జబ్బు పట్టుకుంది. మూడోరకంలో దాన్ని చోటు మార్చి పెద్దది పెట్టారు. మళ్లీ అదే నవ్వు. కంపెనీ ఏ ముక్క మారిస్తే జబ్బు ఆ ముక్కలోనే ఉందని ఈ వీధికి నేర్పిందే ఆయన. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మూడోరకం ఇంజను వచ్చిన కొత్తలో మేస్త్రి బావమరిది, అంటే ఆయన భార్య తమ్ముడు, ఒక ఫర్నిచర్ గోడౌనులో పికప్ నడిపేవాడు. పొద్దున్నే బండి అద్దాలు తుడిచి, నాలుగు టైర్లనూ అరచేత్తో చరిచి చూసుకున్నాక గానీ టీ ముట్టేవాడు కాదు. బీరువాలైనా అద్దాల బల్లలైనా చిన్న గీత పడకుండా చేరుస్తాడని పేరు. వారానికి రెండుసార్లు అక్క ఇంటికి వచ్చేవాడు, బావతో ఇంజన్ల గురించి మాట్లాడుతూ అన్నం చల్లారబెట్టేవాడు, ఇద్దరూ కలిసి ఆవిడ చేత చీవాట్లు తినేవారు. బావ మాటంటే అతనికి ఎంత గురంటే, కొత్త చెప్పులు కొనాలన్నా బావ సరేనంటేనే.

ఒక మధ్యాహ్నం ఆ బండి నడిరోడ్డు మీద టక్కున ఆగింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మేస్త్రి ఫిల్టరు విప్పేసరికి లోపలి డీజిల్ వెండిరంగు పొడి కలిపినట్టు తళతళలాడింది. డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో ఇంజనులోకి కొట్టే పంపు ఒకటుంటుంది. అది లోపల్లోపలే అరిగి, ఆ ఇనప రజనంతా పైపుల్లోకీ ఇంజెక్టర్లలోకీ ట్యాంకులోకీ పాకిపోయింది. అన్నీ మార్చాల్సిందే. సగం బండి కొత్తగా కొన్నంత పని.

గోడౌను ఓనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ పదిమంది డ్రైవర్లు. “తప్పెవరిది మేస్త్రీ?” అన్నాడు.

మేస్త్రి ఫిల్టరు గిన్నె వంచాడు. అడుగున చెంచాడు నీళ్లున్నాయి. ఆయన ఇంకొంచెం చూసి ఉండేవాడే. ఇంకెవరి బండైనా అయితే ఆ పంపును పూటంతా చూసేవాడు. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. చుట్టాన్ని వెనకేసుకొచ్చాడన్న మాట పడడం ఆయనకు చచ్చేంత భయం. అందుకని మామూలుకన్నా తొందరగా, మామూలుకన్నా గట్టిగా చెప్పాడు. “నీళ్లు కలిసిన డీజిల్ పోయించాడు. మనిషి తప్పే.”

“నేనెప్పుడూ పోయించే బంకుల్లోనే కదా బావా పోయించింది” అన్నాడు బావమరిది మెల్లగా.

“అయితే ఈ నీళ్లు నేను పోశానా?”

బావమరిది ఆ చెంచాడు నీళ్ల వంక చూశాడు.

ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. తీర్పు మేస్త్రి సొంత బావమరిదినే తప్పుపట్టాడంటే ఇక వాడెంత నిర్లక్ష్యం మనిషో అని వీధి చెవులు కొరుక్కుంది. ఎవరూ మళ్లీ అతని చేతికి తాళాలివ్వలేదు. కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, చివరికి బైపాస్ రోడ్డులో లారీలను తూచే కాటా దగ్గర గేటు ఎత్తి దించే పనిలో చేరాడు. రోజుకు రెండొందల బండ్లు అతని కళ్లముందు నుంచే పోతాయి. ఒక్కటీ అతను నడిపేది కాదు.

అక్క ఇంటికి రావడం మానేశాడు. కోపం కాబోలు అనుకున్నారు అందరూ. మేస్త్రి కూడా అదే అనుకుని, ‘కోపమొస్తే నాకేంటి, ఉన్నమాటే కదా అన్నాను’ అని మీసం సవరించుకున్నాడు. భార్య ఆయనతో దెబ్బలాడలేదు. దెబ్బలాడితే బాగుండేది. అంతకు ముందు రోజూ మధ్యాహ్నం ఆవిడే క్యారేజీ తెచ్చి, షెడ్డులో పాత సీటు మీద కూర్చుని, ఆయన తినేదాకా ఉండి కబుర్లు చెప్పి వెళ్లేది. ఆ రోజు నుంచి క్యారేజీ టీకొట్టాయన చేత పంపుతోంది. ఆవిడ షెడ్డు గడప తొక్కి ఆరేళ్లు.

ఇక ఇప్పటి సంగతి. నెల కిందట గుద్దుకుని నుజ్జయిన పికప్ ఒకటి విడిభాగాల కోసం మేస్త్రి దగ్గరికి వచ్చింది. అదీ మూడోరకమే, కానీ కొత్త బండి. మామూలుగా కొత్త పంపులు సీలు వేసి వస్తాయి. సీలు తీస్తే గ్యారంటీ పోతుంది కాబట్టి బిగించడమే తప్ప విప్పడం ఉండదు. ఈ బండికి గ్యారంటీ ఎవరడగొచ్చారు? తీరుబడిగా ఉన్న ఒక పొద్దున బల్ల మీద గుడ్డ పరిచి, దాని పంపును ముక్కముక్కా ఊడదీశాడు.

పంపు లోపలిది చాలా సామాన్యమైన ఏర్పాటు. ఇరుసు తిరుగుతుంది. దాని మీద చిన్న రోలరు దొర్లుతుంది. రోలరు ఒక ఇనప గిన్నెలో కూర్చుని ఉంటుంది. ఆ గిన్నె పైకీ కిందికీ ఆడుతూ డీజిల్‌ను నెడుతుంది. రోలరు తిన్నగా దొర్లినంతకాలం పేచీ లేదు. గిన్నె ఎప్పుడైనా తన చోట్లో తాను పక్కకు తిరిగిందో, రోలరు అడ్డం పడి, దొర్లడం మాని గీకడం మొదలుపెడుతుంది. గీకితే రజను. రజను వస్తే ఇంజను సంగతి ఇంతే.

ఈ కొత్త పంపులో గిన్నెకు పక్కన సన్నటి గాడి తీసి ఉంది. ఆ గాడిలో చిటికెనవేలి గోరంత మేకు. గిన్నె పైకీ కిందికీ ఆడొచ్చు, పక్కకు మాత్రం తిరగలేదు.

మేస్త్రికి నవ్వు వచ్చింది. ‘ఇదిగో, మళ్లీ ఒప్పుకున్నారు’ అనుకున్నాడు. అలా అనుకున్నాక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

లేచి అలమర దగ్గరికి వెళ్లాడు. కింది అరలో మూడోరకం బండ్ల పాత పంపులు ఏడున్నాయి. ఏడింటి మీదా తన చేతిరాతే: మనిషి, మనిషి, మనిషి. మొదటిది బావమరిది బండిది. ఒక్కొక్కటే బల్ల మీదికి తెచ్చాడు. ఏడింటిలోనూ గాడి లేదు, మేకు లేదు. ఏడింటిలోనూ రోలరు అడ్డం పడి ఉంది. అడ్డం పడిందని మొదటిదాన్ని విప్పిన రోజునే చూశాడు, నీళ్ల వల్ల పట్టేసి తిరిగిందనుకున్నాడు. తర్వాతి ఆరింటికీ అదే తీర్పు రాసేశాడు. ఇప్పుడు భూతద్దం పెట్టి చూశాడు. నీళ్లు తాగిన ఇనుముకు ఎక్కడో ఒకచోట తుప్పు మచ్చ ఉండాలి. ఎక్కడా లేదు. పోతే ఆ చెంచాడు నీళ్లు? ఆయన విప్పిన ఏ ఫిల్టరులో చెంచాడు నీళ్లు లేవు గనక! నీళ్లు అక్కడ ఆగడానికే కదా ఫిల్టరుకు గిన్నె పెట్టింది. ఆ ముక్క ఆయన వందమందికి చెప్పి ఉంటాడు.

మేస్త్రి కాసేపు ఆ పాత సీటు మీద కూర్చున్నాడు. తర్వాత ఏం చేశాడంటే, ఏడు అట్టముక్కలూ విప్పి చించేసి, కొత్త అట్టముక్కల మీద ‘మెషీను’ అని రాసి కట్టి, పంపులను ఎక్కడివక్కడ పెట్టేశాడు. చుట్టుపక్కల చూశాడు. ఎవరూ చూడలేదు. చేతులు కడుక్కున్నాడు.

ఆ వారంలోనే రెండు సంగతులు జరిగాయి. మొదటిది, కంపెనీ ప్రతినిధి ఇస్త్రీ చొక్కాలో, కొత్త కరపత్రాలతో షెడ్లన్నీ తిరుగుతూ వచ్చాడు. మేస్త్రి ఆ గిన్నె చూపించి, “ఇది ఎందుకు మార్చారు?” అన్నాడు.

“మెరుగుపరిచాం మేస్త్రి గారూ.”

“పాతదాంట్లో లోపముందని చెప్పలేదేం?”

“లోపమని ఎవరన్నారండీ? మెరుగుపరిచామంతే” అని ఆ మనిషి చల్లగా నవ్వి, కరపత్రం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

రెండోది, గోడౌను ఓనరు వచ్చాడు. కొత్త పికప్‌లు మూడు తీసుకుంటున్నాడట. “బండ్లు నేను చూసుకుంటాను గానీ, నమ్మకమైన డ్రైవర్లు ముగ్గుర్ని నువ్వు చెప్పు. ఎల్లుండికల్లా ఖాయం చేసేస్తాను” అని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నవ్వాడు. “నీ బావమరిదిని తప్ప ఎవర్ని చెప్పినా సరే.”

మేస్త్రి నీళ్లు నమిలాడు. “చూద్దాం లెండి” అన్నాడు. నోటి దాకా వచ్చిన మాటను అక్కడే మింగేశాడు. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఒక్క తీర్పు తప్పయితే ముప్ఫై ఏళ్ల తీర్పులన్నిట్నీ తిరగేస్తారు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. కాటా దగ్గర గేటు ఎత్తుతూ దించుతూ ఆ మనిషి ముసలివాడైపోతాడు.

మర్నాడు పొద్దున భార్య ఉతికిన బట్టలు మడత పెడుతుంటే, మేస్త్రి పక్కన కూర్చుని కంపెనీ వాణ్ణి కడిగిపారేయడం మొదలుపెట్టాడు. పంపు కథ మొత్తం చెప్పాడు. గాడి, మేకు, అడ్డం పడ్డ రోలరు, అన్నీ. “మెరుగుపరిచారట! చూశావా ఆ మాట? వాళ్లు చేసిన తప్పుకు ఎంతమంది ఉసురు పోసుకున్నారో, ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పాడా? గప్‌చుప్‌గా ముక్క మార్చేసి చేతులు దులుపుకున్నారు.”

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఆగింది. “మా తమ్ముడి బండిలోదీ అదే పంపా?”

“ఊఁ.”

“అయితే మీరేం చేశారు?”

“అట్టముక్క మార్చాను.”

“ఎవరికి చెప్పారు?”

ఆవిడ చొక్కాను నాలుగు మడతలు పెట్టి, బొత్తి మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. ఆ చొక్కా ఆయనదే.

పది గంటలకల్లా మేస్త్రి బైపాస్ రోడ్డులో ఉన్నాడు. ఒక జేబులో పాత గిన్నె, ఇంకో జేబులో కొత్త గిన్నె. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూనే వచ్చాడు. వాడు తిడతాడు, తిట్టనీ. మెడ పట్టి గెంటినా పడదాం. ఆరేళ్ల కోపం ఉండదూ మరి?

కాటా పక్కన చిన్న రేకు గది. బావమరిది గేటు దించి వచ్చి, బావను చూసి, పంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఒదిగిపోయాడు. తల అప్పుడే సగం నెరిసింది. స్టూలు తుడిచి వేశాడు. మేస్త్రి కూర్చోలేదు. రెండు గిన్నెలూ కిటికీ గట్టు మీద పెట్టి, ఏది ఎలా తిరుగుతుందో, మేకు ఎందుకు పెట్టారో, గడగడా చెప్పేశాడు. చెప్పి, “తప్పు నీది కాదురా. పంపుది. నేను సరిగా చూడలేదు” అన్నాడు.

బావమరిది పాత గిన్నెను చేతిలోకి తీసుకున్నాడు. వేలితో అటూ ఇటూ తిప్పాడు. అది తేలిగ్గా తిరిగింది. చాలాసేపు తిప్పుతూనే ఉన్నాడు.

“అయితే డీజిల్లో నీళ్లు లేవా బావా?”

“లేవురా. ఆ చెంచాడు అందరి ఫిల్టర్లలోనూ ఉండేదే.”

“నిజంగా?”

“నిజంగా.”

“నువ్వు ఉన్నాయన్నావు కదా, ఉండే ఉంటాయనుకున్నాను.” గిన్నెను గట్టు మీద పెట్టాడు. “ఏ బంకు అయ్యుంటుందా అని ఆరేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ వారం మూడు చోట్ల పోయించాను. ఒకచోట చినుకులు పడుతున్నాయి, మూత తెరిచి కబుర్లాడానేమో, అప్పుడు పడ్డాయేమో అనుకున్నాను. ఒకసారి ఇది అనిపించేది, ఒకసారి అది. తేలలేదు బావా.”

మేస్త్రి పేర్చుకొచ్చిన మాటలన్నీ ఒక్కసారిగా ఎందుకూ పనికిరాకుండా పోయాయి. “మరి ఇంటికి ఎందుకు రాలేదురా? కోపమొచ్చి కాదూ?”

“నీ మీద కోపమేంటి? ఏ ముఖం పెట్టుకుని రాను? నీ పరువు తీశానని...”

లారీ ఒకటి హారను కొట్టింది. అతను వెళ్లి గేటు ఎత్తి, దించి, మళ్లీ వచ్చాడు. అప్పటికి మేస్త్రి స్టూలు మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. ఆరేళ్లూ వీడు తనని నమ్ముతూనే ఉన్నాడు. నమ్మనిది తానే.

ఆ సాయంత్రం మేస్త్రి ఏడు పంపులూ బుట్టలో వేసుకుని టీకొట్టు దగ్గరికి వచ్చాడు. గోడౌను ఓనరును పిలిపించాడు. ఎనిమిది షెడ్లవాళ్లూ, డ్రైవర్లూ చేరారు. బోల్టుల రోజున నవ్విన చోటే నిలబడి, ఈసారి నవ్వకుండా, ఒక్కో పంపూ పైకెత్తి చూపించి ఏ డ్రైవరుదో చెప్పాడు. “ఇవి పోవడం మెషీను తప్పు. మనిషి తప్పని రాయడం నా తప్పు” అన్నాడు. ఎవరో వెనక నుంచి, “అయితే ఇన్నాళ్లూ చెప్పినవన్నీ ఇలాంటివేనా?” అన్నారు. “అలమర తెరిచే ఉంటుంది, వచ్చి చూసుకోండి. నేనూ మళ్లీ చూస్తున్నాను” అన్నాడు. ఆ మాటకు కొందరు పెదవి విరిచారు, కొందరు తల పంకించారు. ఓనరు మాత్రం పంపు వంకా మేస్త్రి వంకా చూసి, “రేపు తాళాలు తీసుకోమను” అని టీ గ్లాసు కింద పెట్టి వెళ్లాడు. మిగతా ఆరుగురు డ్రైవర్లలో నలుగురి ఇళ్లకు మేస్త్రి తనే వెళ్లి చెప్పాడు. ఇద్దరి జాడ ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

ఏడు పంపులకూ ఇప్పుడు కొత్త అట్టముక్కలున్నాయి. ‘తప్పు: మెషీను. తీర్పులో తప్పు: మేస్త్రి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. భార్య మళ్లీ క్యారేజీ తెస్తోంది. తెచ్చిన మొదటిరోజు ఆవిడ అలమర ముందు నిలబడి అది రెండుసార్లు చదివి, వచ్చి పాత సీటు మీద కూర్చుంది.

అంతా సర్దుకుందనే చెప్పాలి. బావమరిది బండి నడుపుతున్నాడు, పొద్దున్నే టైర్లు చరుస్తున్నాడు. ఒక్కటే కొత్త అలవాటు. డీజిల్ పోయించిన ప్రతిసారీ చిన్న గాజుసీసాలో కొంచెం పట్టుకుని, దారి చుట్టయినా సరే షెడ్డు ముందు బండి ఆపుతాడు. సీసా చాపి, “ఒకసారి చూడు బావా, నీళ్లేమైనా ఉన్నాయా?” అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, జవాబు వచ్చేదాకా సీసా మీంచి చూపు తిప్పడు.

మేస్త్రి చేతిలో పని ఏదున్నా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆ సీసాను వెలుగుకు ఎత్తి నిదానంగా చూస్తాడు. కొత్త పంపుకు మేకుంది, ఆ చెంచాడు నీళ్లకు అదేమీ కాదు, చూడక్కర్లేదని ఆయనకు తెలుసు. అయినా అడుగు దాకా చూస్తాడు.

“లేవురా, శుభ్రంగా ఉంది.”

అప్పుడు అతను ఊపిరి వదిలి, సీసా తీసుకుని వెళ్లిపోతాడు.

మొన్న భార్య క్యారేజీ విప్పుతూ ఇదంతా చూసింది. “ఎన్నాళ్లండీ ఇలా?” అంది.

“వాడు అడిగినన్నాళ్లూ” అన్నాడు మేస్త్రి.